పచ్చిక కోత యంత్రము – బావి ఇంజను

మార్కాపురం, గిద్దలూరు మెట్ట పొలములలో ఎద్దుల మోట స్థానమున ఆయిలు ఇంజను వచ్చినపుడు, రైతు మరమ్మతు విద్యను కూడ నేర్వవలసి వచ్చెను. ఆ ఇంజను పుట్టు పూర్వోత్తరములను వెదకినచో పచ్చిక కోయు యంత్రము ఎదురగుట వింతయే!

ఇంగ్లండులో స్ట్రౌడు వద్ద ఎడ్విన్ బడ్డింగు ఉన్నిబట్టల నూగు కత్తిరించు యంత్రమును చూచి, 1830లో పచ్చిక కోత యంత్రమును కల్పించెను. మూతి సర్దుకొను స్పానరు కూడ ఆయనదే నందురు. పిమ్మట డర్స్‌లీలో జార్జి లిస్టరుతో పనిచేసి, 1846లో మరణించెను. జార్జి కుమారుడు 1867లో స్థాపించిన కంపెనీ 1930 ప్రాంతమున ఒంటి సిలిండరు డీజిలు ఇంజనును తయారు చేసినది. దాని నకళ్లు రాజకోటలో తయారై దేశమంతట బావులకు చేరినవి.

నిమిషమునకు 650 చుట్లే తిరుగు ఈ ఇంజనుకు అరుగుదల తక్కువ. బ్యాటరీ లేదు. వాల్వును తెరచి ఉంచి, బరువైన ఫ్లైవీలును హ్యాండిలుతో తిప్పి, వేగము రాగానే వాల్వును విడువవలెను. గాలి వడపోతలో దుమ్ము చేరినచో సిలిండరు అరుగును. పొగ నల్లనైన ఇంధనము సరిగా మండుట లేదు. నీలమైన లోపలి నూనె మండుచున్నది. మెకానిక్కు మొదట చూచునది పొగనే.

అయితే స్పానరుతో తీరని చిక్కు ఒకటి కలదు. పైనుండి పీల్చు పంపు ఆచరణలో 7, 8 మీటర్ల లోతునుండియే నీటిని తేగలదు. గాలి పీడనమునకు అంతకుమించి శక్తి చాలదు. నీరు దిగినకొలది ఇంజనును బావిలోనికే దించవలసి వచ్చెడిది. అచట పొగలోని కార్బన్ మోనాక్సైడు పోవు దారి లేక ప్రాణములు తీయగలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. లోతు బోర్లు, నీటిలో మునిగి పనిచేయు విద్యుత్ మోటార్లు వచ్చిన పిమ్మట, ఇంకను నడువగల ఇంజనులు సయితము మూలబడినవి.