వణికే సితారా, ఖుఫియా ఆయినా

పోయిన నెల అమ్మీకి ఫోన్‌లో ఒక ఫోటో చూపించాను. చిలీ దేశంలో పరానాల్ అనే కొండ, దాని మీద పెద్ద దూర్బీన్ ఇల్లు. తెరిచిన కప్పులోంచి నాలుగు నారింజ రంగు లేజర్ కిరణాలు సూటిగా ఆస్మాన్‌లోకి పోతున్నాయి. అమ్మీ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఎవరి మీద కొడుతున్నారు బేటా?" అని అడిగింది.

"ఎవరి మీదా కాదమ్మీ. సితారా తయారు చేస్తున్నారు" అన్నాను.

నమ్మినట్టు కనబడలేదు. ఫోన్ తిరిగి చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె సవాల్ మాత్రం నన్ను వదల్లేదు. ఆ లేజర్ల తారీఖ్ చదివితే అది గలత్ సవాల్ కానే కాదు. ఆ ఇల్మ్‌లో సగం నిజంగానే ఎవరినో కొట్టడానికి పుట్టింది. పత్రికల్లో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నవాణ్ని, ఖుఫియా అని ముద్ర పడిన ఫైలంటే నాకు అదో దురద. ఈ కథలో అలాంటి ఫైలు ఒకటుంది.

మా ఉర్దూ మీడియం స్కూల్లో సైన్స్ ఉస్తాద్ ఒకరుండేవారు. "తారే నహీ టిమ్‌టిమాతే, హవా శరారత్ కర్తీ హై" అనేవారు. తార మిణుకుమనదు, మధ్యలో ఉన్న గాలి చేసే అల్లరి అది అని. షాదీ ఇంట్లో దేగ్ కింద భట్టీ మండుతుంటే, అవతల నిలబడ్డ బావర్చీ ముఖం వణుకుతున్నట్టు కనిపిస్తుంది చూడండి, అదే సంగతి. వేడి గాలీ చల్ల గాలీ కలిసినచోట వెలుతురు దారి కొంచెం కొంచెం మారుతుంది. మన తల మీద అలాంటి గాలి పొరలు కిలోమీటర్ల మందాన ఉన్నాయి.

దీనివల్ల దూర్బీన్‌కి ఎంత నష్టమో చాలామందికి మాలూమ్ ఉండదు. అమెరికాలో పాలోమార్ కొండ మీద 1948లో ప్రారంభమైన హేల్ దూర్బీన్ అద్దం 5 మీటర్ల వెడల్పు. ఆ జమానాలో దునియాలోకెల్లా పెద్దది. కానీ నేల మీద మామూలు రాత్రి గాలి గుండా చూస్తే, వివరాల విషయంలో అది 10, 20 సెంటీమీటర్ల దూర్బీన్ కంటే గొప్పగా ఏమీ చూపించదు. ఎక్కువ రోష్నీ పోగుచేస్తుంది, నిజమే, కాబట్టి మసక తారలు కనిపిస్తాయి. నజర్ పదును మాత్రం పెరగదు. మన హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ తెప్పించిన 15 అంగుళాల గ్రబ్ దూర్బీన్ నిజామియా రసద్‌గాహ్‌లో ఉండేది. ఈ హవా అల్లరి దాన్నీ వదలదు, పాలోమార్‌నీ వదలదు. న్యూటన్ 1704లో అచ్చయిన తన 'ఆప్టిక్స్' కితాబ్‌లో ఈ మర్జ్‌కి ఒకే దవా రాశాడు: ఎత్తైన కొండలెక్కండి, అక్కడి నిశ్చలమైన గాలిలో చూడండి అని. అంతకుమించి చేయగలిగింది లేదనుకున్నాడు.

ఇక్కడ ఒక మాట. మన వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి కొత్త చీజ్ కిందా "ఇది మన ఇబ్న్ అల్ హైసమ్ వెయ్యేళ్ల కిందే కనిపెట్టాడు" అని ఫార్వర్డ్ వస్తుంది. వంగే అద్దాన్ని ఆయన కనిపెట్టలేదు. ఆయన అస్లీ కమాల్ వేరే ఉంది. గోళాకారపు అద్దం మీద పడిన కిరణాలన్నీ ఒకే బిందువు దగ్గర కలవవని, అద్దంలోని ఒక్కో వలయం కిరణాలు ఒక్కోచోట కలుస్తాయని లెక్క కట్టి చూపించాడు. దాన్నే ఈరోజు స్ఫెరికల్ అబరేషన్ అంటారు. 1990 ఏప్రిల్‌లో అంతరిక్షంలోకి పంపిన హబుల్ దూర్బీన్ మొదట మసక ఫోటోలు పంపింది. అద్దం అంచు 2 మైక్రాన్లు ఎక్కువ అరగదీయడం వల్ల వచ్చిన అదే జాతి ఐబు అది. 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్లి దానికి ఒక రకం కళ్లద్దాలు పెట్టివచ్చారు.

హబుల్ ఐబు కదలనిది. అందుకే కళ్లద్దాలు సరిపోయాయి. గాలి తెచ్చే ఐబు సెకనులో వందసార్లు మారుతుంది. ఏ కళ్లద్దాలు పెడతారు?

1953లో దీనికి జవాబు రాసినవాడు హొరేస్ బాబ్‌కాక్. మౌంట్ విల్సన్, పాలోమార్ రసద్‌గాహ్‌లలో పనిచేసేవాడు. తండ్రి హెరాల్డ్ కూడా ఖగోళ శాస్త్రవేత్తే, బాప్ బేటా కలిసి సూర్యుడి అయస్కాంత శక్తిని కొలిచే యంత్రం చేశారు. బాబ్‌కాక్ ఖయాల్ ఇది. దూరపు తార నుంచి వచ్చే రోష్నీని ఒక సఫ్ అనుకోండి, జమాత్‌లో భుజం భుజం కలిపి నిలబడ్డ సఫ్ లాంటిది. గాలిలోకి వచ్చేదాకా అది గీత గీసినట్టు సీదాగా ఉంటుంది. గాలిలో దిగాక కొందరు ముందుకి, కొందరు వెనక్కి అయిపోతారు. ఇప్పుడు ఆ వంకర సఫ్ ఒక అద్దం మీద పడుతుంది. ముందుకొచ్చిన వాళ్లు పడేచోట అద్దాన్ని కాస్త లోపలికి గుంజితే, వాళ్లు ఎక్కువ దూరం నడవాలి. వెనకబడ్డవాళ్ల చోట కాస్త పైకి ఎత్తితే, వాళ్ల దారి తగ్గుతుంది. అద్దం మీంచి తిరిగి వచ్చేసరికి సఫ్ మళ్లీ సీదా. వెలుతురు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ దూరం నడుస్తుంది కాబట్టి వంకరలో సగం సర్దితే చాలు.

అద్దం దేనితో చేయాలి? ఆ రోజుల్లో సినిమా హాళ్లలో టీవీ బొమ్మని పెద్ద తెర మీద వేయడానికి స్విట్జర్లాండ్‌లో ఐడోఫోర్ అనే యంత్రం చేశారు. పల్చటి నూనె పొర మీద ఎలక్ట్రాన్ల ధార పడితే పొర ముడతలు పడుతుంది, ఆ ముడతలే బొమ్మ. బాబ్‌కాక్ ఆ నూనె పొరనే ఆయినా కింద వాడదాం అన్నాడు. తార రోష్నీని కొలిచే పరికరం ఒకటి, ఆ కొలతని బట్టి నూనెని ముడతలు పెట్టే ధార ఒకటి. ఖయాల్ పక్కా. కానీ అంత వేగంగా లెక్క కట్టే యంత్రాలు 1953లో ఎక్కడివి? సోవియట్ దేశంలో లిన్నిక్ అనే శాస్త్రవేత్త 1957లో తనంతట తానే ఇలాంటి ఆలోచనే రాశాడు. రెండు మజ్మూన్‌లూ ఎవరైనా చదువుకోవచ్చు, దాపరికం లేదు. రెండూ అలా పడి ఉన్నాయి.

వాటిని దుమ్ము దులిపి తీసింది ఫౌజ్. సోవియట్ ఉపగ్రహాలు అమెరికా తల మీంచి పోతున్నాయి, వాటి మీద ఏమేం బిగించారో నేల మీంచి చూడాలి. అడ్డం మళ్లీ అదే హవా. డబ్బుకి లోటు లేదు. అరిజోనా యూనివర్సిటీలో రోలాండ్ షాక్, జర్మన్ శాస్త్రవేత్త హార్ట్‌మన్ 1900 ప్రాంతంలో చేసిన పాత పద్ధతికి కొత్త రూపం ఇచ్చాడు. చిన్న చిన్న కటకాల జల్లెడ ఒకటి. ఒక్కో కటకం ఒక్కో చుక్క వేస్తుంది. సఫ్ సీదాగా ఉంటే చుక్కలన్నీ తమ తమ జాగాలో ఉంటాయి, ఎక్కడ వంకర ఉంటే అక్కడి చుక్క జరుగుతుంది. ఈ షాక్ హార్ట్‌మన్ జల్లెడే ఈనాటికీ చాలా దూర్బీన్లలో నాడి పట్టి చూసే హకీమ్. అద్దం సంగతి ఇటెక్ అనే కంపెనీలో జాన్ హార్డీ బృందం చూసింది. కరెంటు ఇస్తే ఉబ్బే, తీస్తే కుదించుకునే పీజో పదార్థం మీద పల్చటి అద్దం. 1973లో వాళ్లు పనిచేయించిన మొదటి యంత్రానికి 21 పీజో మీటలు. 1982 నాటికి హవాయీలో హలియాకలా కొండ మీది 1.6 మీటర్ల దూర్బీన్‌కి 168 మీటల ఆయినా బిగించారు. అది చూసింది తారల్ని కాదు, ఉపగ్రహాల్ని.

ఇంకో చిక్కు మిగిలింది. గాలి వంకర కొలవాలంటే, మనం చూడదల్చుకున్న చీజ్ పక్కనే ఒక ప్రకాశవంతమైన తార ఉండాలి. ఆస్మాన్‌లో చాలా చోట్ల అది ఉండదు. 1982 ఎండాకాలంలో, రక్షణ శాఖకి సలహాలిచ్చే జేసన్ అనే శాస్త్రవేత్తల మజ్లిస్‌లో ప్రిన్స్‌టన్ భౌతిక శాస్త్రవేత్త విలియం హాపర్ ఒక ఉపాయం చెప్పాడు. నేల నుంచి సుమారు 90 కిలోమీటర్ల ఎత్తులో, ఉల్కలు కాలి బూడిదైన చోట సోడియం పరమాణువుల పొర ఉంది. మన వీధి దీపాల పసుపు రంగు గుర్తుందా, అదే సోడియం. దానికి సరిపోయే 589 నానోమీటర్ల లేజర్‌ని పైకి కొడితే ఆ పొరలో ఒక చుక్క వెలుగుతుంది. ఎక్కడ కావాలంటే అక్కడ నకిలీ సితారా! మరుసటి సంవత్సరం మార్చిలో రేగన్ 'స్టార్ వార్స్' అని పేరుపడిన క్షిపణి రక్షణ పథకం ప్రకటించాడు. నేల మీంచి లేజర్ కొట్టి క్షిపణుల్ని కాల్చాలంటే ఆ లేజర్ కూడా గాలిలో చెదరకుండా పోవాలి కదా. హాపర్ ఉపాయం మీద ఖుఫియా ముద్ర పడింది. న్యూ మెక్సికోలోని స్టార్‌ఫైర్ కేంద్రంలో రాబర్ట్ ఫ్యూగేట్ బృందం వైమానిక దళం కోసం దాని మీద పనిచేసింది. ఇంటికెళ్లి బీవీకి కూడా చెప్పకూడని పని.

అమ్మీ సవాల్‌కి జవాబు ఇక్కడే ఉంది.

ఇటు ఖగోళ శాస్త్రవేత్తల సంగతి చూడండి. 1985లో ఫ్రాన్స్‌లో ఫోయ్, లాబేరీ అనే ఇద్దరు లేజర్‌తో సితారా చేయవచ్చని ఒక చిన్న మజ్మూన్ అచ్చేశారు. 1987లో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు థాంప్సన్, గార్డ్‌నర్ హవాయీ మౌనా కియా కొండ మీద సోడియం లేజర్ కొట్టి ఆ చుక్కని ఫోటో తీశారు. అదే పని తాళం వేసిన గదిలో అప్పటికే జరుగుతోందని వాళ్లకి ఖబర్ లేదు. నాకు ఇక్కడ ఒక సొంత సంగతి గుర్తొస్తుంది. ఒక సర్కారీ దఫ్తర్‌లో సమాచార హక్కు కింద లెక్కలు అడిగితే, ఇవ్వడం కుదరదు, గోప్యం అని రాతపూర్వకంగా జవాబిచ్చారు. ఆ లెక్కలు వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి!

యూరప్ వాళ్లు లేజర్ లేకుండానే ముందుకెళ్లారు. 1989 అక్టోబర్‌లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఓత్ ప్రొవాన్స్ రసద్‌గాహ్‌లో 19 మీటల వంగే ఆయినాని 1.52 మీటర్ల దూర్బీన్‌కి పెట్టారు. యంత్రం పేరు కమాన్. పరారుణ కాంతిలో తార వణుకు ఆగింది. ఖగోళ శాస్త్రం కోసం, అందరి ముందూ జరిగిన మొదటి పెద్ద కామ్యాబీ అది. బాబ్‌కాక్ రాసిన 36 ఏళ్లకి.

1991 మే నెలలో సియాటిల్‌లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్తల సభ జరిగింది. అక్కడ ఫ్యూగేట్ లేచి, వైమానిక దళం ఇజాజత్‌తో, స్టార్‌ఫైర్‌లో తీసిన ఫోటోలు చూపించాడు. దిద్దక ముందు మసక ముద్ద, దిద్దాక పక్కపక్కన వేర్వేరు తారలు. హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామందికి తమ భవిష్యత్తు ఎవరో ముందే చూసేశారని అప్పుడే తెలిసింది. సర్దజంగ్ ముగిసిపోతోంది, ఫ్రాన్స్ వాళ్లు సగం రాజ్ ఎలాగూ అచ్చేశారు, ఇక దాచి ఫాయిదా ఏముందని తలుపు తెరిచారు. తెరవమని లోపల్నించి పోరినవాళ్లు ఉన్నారు, లివర్‌మోర్ ప్రయోగశాల శాస్త్రవేత్త క్లేర్ మాక్స్ వాళ్లలో ఒకరు.

తొమ్మిదేళ్లు తాళంలో ఉండటం జుల్మ్ అని నా దిల్ అంటుంది. దిమాగ్ ఒప్పుకోదు. ఫౌజ్ పైసా లేకపోతే ఆ 168 మీటల అద్దం 1982లో వచ్చేదే కాదు, ఖగోళ శాస్త్రవేత్తల దగ్గర అంత డబ్బు ఎక్కడిది? ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు. తేలినట్టు రాస్తే ఝూట్ అవుతుంది.

తలుపు తెరిచాక జరిగింది చూడండి. హవాయీలో 10 మీటర్ల కెక్ దూర్బీన్‌కి 1999లో వంగే ఆయినా వచ్చింది, 2004లో లేజర్ సితారా తోడైంది. చిలీ దూర్బీన్లకీ ఆ కాలంలోనే వచ్చింది. మన గెలాక్సీ నడిబొడ్డున ఎస్2 అనే తార ఒకటి ఏదో కనబడనిదాని చుట్టూ 16 ఏళ్లకోసారి తిరుగుతోంది. ఇటు ఆండ్రియా గెజ్ బృందం, అటు రైన్‌హార్డ్ గెంజెల్ బృందం ఏళ్లతరబడి, సబర్‌తో దాని దారి గీశారు. దగ్గరికొచ్చినప్పుడు అది సెకనుకు 7,000 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతుంది. నడుమ ఉన్నది 40 లక్షల సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలమని ఆ లెక్క చెప్పింది. 2020లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అమ్మీకి చూపించిన ఫోటోలోని పరానాల్ దూర్బీన్‌లో ఇప్పుడు 1170 మీటల అద్దం ఉంది, మందం 2 మిల్లీమీటర్లు.

కొట్టడం మాత్రం ఆగలేదు. అమెరికా ఫౌజ్ ఒక బోయింగ్ 747 ముక్కులో లేజర్ పెట్టి, దాని దారిని ఇలాంటి అద్దాలతోనే దిద్ది, 2010 ఫిబ్రవరిలో పరీక్ష క్షిపణిని గాలిలోనే కూల్చింది. తర్వాత ఖర్చు ఎక్కువని ఆ పథకాన్నే మూసేసింది. లివర్‌మోర్‌లో 192 లేజర్లున్న పెద్ద యంత్రంలో ఒక్కో కిరణానికీ 39 మీటల వంగే అద్దం ఉంది. అక్కడ ఐబు ఆస్మాన్‌ది కాదు, లేజర్ గాజే వేడెక్కి వెలుతురు సఫ్‌ని వంకర చేస్తుంది. 2022 డిసెంబర్ 5న ఆ కిరణాలు మిరియపు గింజంత ఇంధనం మీద పడి, ఇచ్చిన 2.05 మెగాజౌళ్లకి 3.15 మెగాజౌళ్లు తిరిగి తెచ్చాయి. అది అణ్వస్త్రాల ప్రయోగశాల కూడా, మర్చిపోకండి.

అమ్మీకి ఇంకా చెప్పనిది ఒకటుంది. ఆమెకి పోయిన ఏడాది మోతియాబింద్ ఆపరేషన్ అయింది. మన కన్ను కూడా ఒక దూర్బీనే, దాని కటకంలోనూ పొరలోనూ వంకరలున్నాయి. లోపల్నించి చూడబోయే డాక్టర్‌కీ అవే అడ్డం. 1997లో అమెరికాలోని రోచెస్టర్ యూనివర్సిటీలో లియాంగ్, విలియమ్స్, మిల్లర్ అనే ముగ్గురు షాక్ జల్లెడనీ 37 మీటల అద్దాన్నీ బతికున్న మనిషి కన్ను ముందు పెట్టారు. వంకర దిద్దేసరికి, కంటి వెనక తెర మీద రంగులు పట్టే కణాలు ఒక్కొక్కటిగా, మొజాయిక్ నేల రాళ్లలా కనిపించాయి. ఈసారి ఫోన్ ఇచ్చేటప్పుడు ఆ ఫోటో చూపించాలి.