పత్రికల్లో బొమ్మల కథలు, వాటిని మళ్ళీ మళ్ళీ చదివే అలవాటు

వరస గళ్ళలో బొమ్మలు గీసి, వాటి పక్కన మాటలు రాసి పత్రికలో వాయిదాల వారీగా వేసే కథను తెలుగు పాఠకులు బొమ్మల కథ అనీ, కామిక్ అనీ అంటారు. ఒక్క గడిలోనే ముగిసేది కార్టూన్. తెలుగులో ఈ రెండూ ఒకే చేతుల్లో, ఒకే పత్రికల్లో పెరిగాయి. అవి ఈనాటికీ మిగిలి ఉండటంలో కత్తిరించి దాచుకున్న పాఠకుల పాత్ర చాలా పెద్దది.

అమెరికాలో 1890ల నుంచే దినపత్రికల్లో బొమ్మలకు ప్రత్యేకంగా చోటుండేది. చార్లెస్ షుల్జ్ ‘పీనట్స్’ 1950 నుంచి 2000 దాకా నడిచింది. తెలుగు దినపత్రికల్లో అంతకాలం నడిచిన బొమ్మల కథ వేళ్ళూనుకోలేదు. ఇక్కడ ఆ పని వార, మాసపత్రికలు చేశాయి.

మొదటి తెలుగు కార్టూనిస్టుగా తలిశెట్టి రామారావును చెప్పుకుంటారు. 1930ల్లో ‘భారతి’ మాసపత్రికలో ఆయన బొమ్మలు వచ్చాయి. ఆయన పుట్టినరోజు మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. అప్పట్లో తెలుగు బొమ్మకు పుట్టిల్లు మద్రాసే. ‘భారతి’, ‘ఆంధ్రపత్రిక’, 1947 నుంచి ‘చందమామ’ అక్కడే అచ్చయ్యేవి. హైదరాబాదు సంస్థానంలో తెలుగు పత్రిక ముందున్న పని వేరు. అలంపూర్ ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ’ పత్రిక స్థాపించారు. నిజాం పాలనలో తెలుగు అక్షరాన్ని నిలబెట్టడమే అప్పుడు పెద్ద పోరాటం. 1934లో వచ్చిన ‘గోలకొండ కవుల సంచిక’ అందుకు సాక్ష్యం.

బొమ్మల కథనే వృత్తిగా చేసుకున్నవారిలో బుజ్జాయిని ముందు తలచుకోవాలి. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడాయన, అసలు పేరు సుబ్బరాయశాస్త్రి. ‘డుంబు’ అనే బొమ్మల కథను పిల్లలకు ఇచ్చింది ఆయనే. 1960ల్లో ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా’లో ఆయన గీసిన ‘పంచతంత్రం’ తెలుగు తెలియని ఇళ్ళల్లోకీ వెళ్ళింది. ఆయనకు దక్కాల్సినంత పేరు తెలుగునాట దక్కలేదనే చెప్పాలి.

ముళ్ళపూడి వెంకటరమణ రాసిన అల్లరి పిల్లాడి కథ ‘బుడుగు’ 1956–57లో ఆంధ్రపత్రిక వీక్లీలో వచ్చింది. బొమ్మలు బాపువి. కచ్చితంగా చూస్తే అది గళ్ళ కథ కాదు, బొమ్మలున్న వచనం. అయినా ఈ చరిత్రలోంచి దాన్ని తీసేయలేం, ఎందుకంటే తెలుగువాళ్ళకు బొమ్మనూ మాటనూ కలిపి చదవడం నేర్పింది బుడుగే. 1951లో అమెరికాలో మొదలైన ‘డెనిస్ ద మెనేస్’తో దీన్ని పోలుస్తుంటారు. అల్లరి వరకు ఆ పోలిక సరే. బామ్మ గారాబం, బాబాయి ప్రేమ గొడవలు, ప్రైవేటు మేష్టార్ల అవస్థ మాత్రం అచ్చంగా మన ఇంటివి.

మళ్ళీ చదివినప్పుడే బాపు గీత విలువ తెలుస్తుంది. మొదటిసారి కన్ను నేరుగా చమత్కారం మీదికి పోతుంది, నవ్వు వచ్చేస్తుంది, పేజీ తిరిగిపోతుంది. రెండోసారి మనుషులు నిలబడే తీరు కనిపిస్తుంది. నడుం మీద చెయ్యి పెట్టుకున్న ఇల్లాలి విసుగు ఒక్క వంపులో ఉంటుంది, ముఖం గీయకపోయినా అర్థమవుతుంది. ఎక్కడ గీత ఆపేశాడో, ఎంత తెల్లకాగితం వదిలేశాడో మూడోసారికి గానీ పట్టుబడదు. బాపు చేతిరాత కూడా బొమ్మలో భాగమే. తర్వాత అది కంప్యూటర్ ఫాంటుగానూ వచ్చింది.

అన్ని కార్టూన్లూ ఇలా మళ్ళీ చదివించవు. ‘ఈనాడు’లో శ్రీధర్ ‘ఇదీ సంగతి’ దశాబ్దాల పాటు పొద్దున్నే మొదట చూసే చోటుగా ఉండేది. కానీ ఇలాంటి పాకెట్ కార్టూన్ ఆనాటి వార్తతో ముడిపడింది. ఆ మంత్రి ఎవరో, ఆ మాట ఎందుకన్నాడో గుర్తులేకపోతే సగం రుచి పోతుంది. ఇంటి కార్టూన్లకు ఆ చిక్కు లేదు. విశాఖపట్నానికి చెందిన రాగతి పండరి గీసిన మొగుడూ పెళ్ళాల తగాదాలు, ఇరుగుపొరుగు ముచ్చట్లు ఇప్పటికీ వివరణ అడగవు. మగవాళ్ళే నిండిన రంగంలో ఒక మహిళ అంత విస్తారంగా గీయడమే ఒక చరిత్ర.

దాచుకోవడానికి ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేది. వారపత్రిక పిన్నులు విప్పి, సీరియల్ పేజీలు మాత్రం వేరుచేసి, వరసపెట్టి, బైండింగు చేసేవాడికిచ్చి దారంతో కుట్టించేవారు. అంచులు కోసేటప్పుడు చివరి గడిలో మాట తెగిపోవడం మామూలే. వెనకవైపు సగం ప్రకటనో, మరో సీరియల్ ముక్కో ఉండేది. ఇప్పుడు ఆ ముక్కలకూ విలువ ఉంది, ఎందుకంటే ఆ బొమ్మ ఏ కాలపు పాఠకుల కోసం గీసిందో అవే చెబుతాయి. విడిగా అచ్చువేసిన సంపుటాల్లో ఆ ఆధారం దొరకదు.

వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు పాత సంచికలను కాపాడాయి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ‘ఆంధ్రపత్రిక’, ‘భారతి’ వంటి వాటిని స్కాన్ చేయించి అందరికీ అందుబాటులో పెట్టింది. ‘చందమామ’ పాత సంచికలను అభిమానులే సేకరించి పంచుకున్నారు. వీటిలో బొమ్మల పేజీలకు విడిగా సూచిక తయారుచేయాల్సిన అవసరం ఉంది. కథల పేర్లతో, రచయితల పేర్లతో వెతికే పాఠకుడికి గీసినవారి పేరుతో వెతికే వీలు కూడా ఉండాలి.