వెర్సాయిలో పదునారు దినములు



మనకు సంక్రాంతి యెట్టిదో యూరపుఖండపు క్రైస్తవులకు క్రిస్మసు అట్టిది. దూరమున నున్నవారు ఇల్లు చేరుదురు. బంధువులెల్లరు ఒక్కచోట కూడుదురు. అట్టి పండుగ దినములను 1763వ సంవత్సరమున ఒక సంగీత విద్వాంసుని కుటుంబము స్వస్థలము విడిచి పరదేశపు రాజనగరమున గడపెను. ఆ యింటి కుమారుడే పిమ్మట పాశ్చాత్య సంగీతమున అగ్రగణ్యుడైన మోజార్టు. ఆ పదునారు దినముల వృత్తాంతమును నేడు మీకు మనవి చేయుదును. నేను ముప్పదియైదేండ్లు పిల్లలకు చదువు చెప్పినవాడను. కావున కుమారుని కీర్తికంటె, ఆ పిల్లలిద్దరికిని తండ్రియే గురువగుట నా మనస్సును ఎక్కువగా నాకర్షించినది.

తండ్రి పేరు లియోపోల్డు. నేటి ఆస్ట్రియా దేశములోని సాల్జుబర్గు అతని నివాసము. ఆ పట్టణమును అప్పుడు ఆర్చిబిషపు, అనగా ప్రధాన క్రైస్తవ మతాచార్యుడే, రాజువలె ఏలుచుండెను. లియోపోల్డు ఆయన ఆస్థానమున ఉపసంగీతాధ్యక్షుడు. ఫిడేలు నేర్పు విధానమునుగూర్చి 1756లో ఒక గ్రంథము ప్రకటించి పేరుగాంచెను. ఆ సంవత్సరముననే కుమారుడు వుల్ఫుగాంగు జన్మించెను. ఏడుగురు బిడ్డలు పుట్టగా బ్రతికినవారు ఇద్దరే. పెద్దది ఆడుపిల్ల, మరియా అన్నా. ఆమెను ఇంటిలో నానెర్లు అని ముద్దుగా పిలుచుచుండిరి. ఇద్దరును తండ్రియొద్దనే హార్ప్సికార్డు నేర్చిరి. అది మన హార్మోనియమువలె మీటలు గల వాద్యము. కాని లోపల గాలితిత్తికి మారుగా తీగెలుండును.

1763 జూన్ 9న భార్యయగు అన్నా మరియాను, పిల్లలను వెంటబెట్టుకొని లియోపోల్డు బండిలో బయలుదేరెను. దారిపొడుగున ప్రభువుల యెదుట పిల్లలచేత వాయింపించుచు నవంబరు 18న పారిసు చేరెను. అప్పటికి కుమార్తెకు పండ్రెండేండ్లు. కుమారునకు ఎనిమిది నిండలేదు. గ్రిమ్ అను జర్మను పండితుడు వారికి ఆప్తుడై గొప్పయిండ్ల పరిచయములు కల్పించెను.

డిసెంబరు 24న వారు నలుగురు పదునైదవ లూయీ రాజు నివసించు వెర్సాయికి వెళ్ళిరి. ఆ క్రిస్మసు రాత్రి రాజమందిరపు చర్చిలో జరిగిన మూడు పూజలకును హాజరైరి. అది మొదలు జనవరి 8 వరకు అచ్చటనే యుండిరి. ఈ సంగతులు మనకు రాజశాసనముల వలన తెలిసినవి కావు. లియోపోల్డు ఫిబ్రవరి 1న, స్వదేశమున తాను కాపురమున్న యింటి యజమానురాలికి వ్రాసిన జాబు వలన తెలిసినవి.

ఆ జాబులో సగము వేడుక, సగము పద్దుల పుస్తకము. వెర్సాయిలో అద్దెబండ్లు లేవు; బోయీలు మోయు కుర్చీపల్లకీలే గతి. ఒక్కొక్కనాడు రెండు మూడు పల్లకీలు కావలసి వచ్చెను. వానికే పండ్రెండు లూయీలు, అనగా పండ్రెండు బంగారు నాణెములు, చెల్లిపోయినవి. మరియు రాజుగారి దౌహిత్రి నవంబరులో మరణించినందున ఆస్థానమంతయు నల్లదుస్తులు ధరించియుండెను. వీరును నలుగురికి నల్లబట్టలు కుట్టింపవలసి వచ్చెను. పండుగకు క్రొత్తబట్టలు మనకును వాడుకయే. కాని వీరి క్రొత్తబట్టలు పరుల శోకమునకు. వెర్సాయి ప్రయాణపు వ్యయము ఇరువదియారు, ఇరువదియేడు లూయీల వరకు తేలినదని ఆయన లెక్క.

ఐనను లియోపోల్డును ధనాశాపరుడని యొక్క మాటతో త్రోసిపుచ్చుట న్యాయము గాదు. రాజుగారి పూజకు కుమారుని ప్రతిదినము చర్చికి తీసికొనిపోయి, అచ్చటి బృందగానమును వినిపించుచు వచ్చెను. ఫ్రెంచివారు ఒంటరిగా పాడు పాటలు అతనికి రుచింపలేదు; బృందగానములు మాత్రము శ్రేష్ఠములని మెచ్చెను. మంచిచెడ్డలు ఎంచి శిష్యుని చెవికి అలవాటు చేయుట గురుధర్మమే కదా.

జనవరి 1వ తేదీ రాత్రి రాజకుటుంబము బహిరంగముగా భోజనము చేయుచుండగా ఈ నలుగురికిని ఆ బల్లవరకు దారి లభించెను. రాణి మరీ లెష్చిన్స్కా పోలండు దేశపు ఆడుపడుచు, జర్మనుభాష ఎరిగినది. ఆమె బాలుని ప్రక్కన నిలుపుకొని, మాటలాడుచు, బల్లమీది పదార్థములు తినిపించెను. రాజునకు జర్మనుభాష రాదు. బాలుని పలుకులను రాణియే ఆయనకు ఫ్రెంచిలో చెప్పెను. లియోపోల్డు కుమారుని చెంతనే యుండెను. తల్లియు కుమార్తెయు బల్లకు ఆవలివైపున, రాజునకు రెండవ ప్రక్కన నిలిచిరి. ఫిబ్రవరిలో రాజుగారి పక్షమున ఏబది లూయీలును బంగారు నస్యపు డబ్బీయు ముట్టినవి.

ఇది మన పెద్దలకు వింతగా తోచదు. పూర్వము దసరాకు పంతులు పిల్లలచేత విల్లంబులు పట్టించి, ఇంటింట పద్యములు పాడించెడివాడు. గృహస్థు పంతులుకు రూకలును పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చెడివాడు. వెర్సాయిలో జరిగినదియు ఇంచుమించుగా అదియే. భేదమేమనగా, మన పిల్లలు సాయంకాలమునకు ఇల్లు చేరుదురు. ఆ పిల్లలు ఇల్లు చేరుటకు 1766 నవంబరు 29 వరకు, దాదాపు మూడున్నరయేండ్లు పట్టినది. నడుమ హాలండు దేశమున 1765లో ఇద్దరును విషజ్వరము పాలైరి. నానెర్లు బ్రతుకదని తలచి మతాచార్యుని పిలిపించి అంత్యకాలపు కర్మ జరిపించిరి. దైవానుగ్రహమున ఇద్దరును కోలుకొనిరి.

ఇక ముఖ్యమైన మాట. పైని చెప్పిన ఫిబ్రవరి జాబులోనే, పారిసు విద్వాంసులైన షోబర్టు, ఎక్కార్డుల కఠినరచనలను తన కుమార్తె నమ్మశక్యముగాని స్పష్టతతో వాయించుచున్నదని లియోపోల్డు పొంగిపోయి వ్రాసెను. పారిసులోనే కార్మోంతెల్ అను చిత్రకారుడు వారి చిత్రము వ్రాసెను. అందు తండ్రి ఫిడేలు వాయించుచుండును. బాలుడు మీటలయొద్ద కూర్చుండును. నానెర్లు సంగీతపు కాగితము చేతబట్టి నిలిచియుండును. తల్లి ఆ చిత్రములోనే లేదు. 1769 డిసెంబరులో తండ్రి కుమారుని మాత్రము ఇటలీకి తీసికొనిపోయెను. పదునెనిమిదేండ్ల నానెర్లు తల్లితో ఇంటనే యుండెను. ఆస్థాన సంగీతోద్యోగములు ఆనాడు చాలవరకు పురుషులకే. యీడువచ్చిన కన్య ఊరూర వాయించుట మర్యాద గాదనుచుండిరి. 1770లో ఆమె పంపిన యొక పాటను చూచి, ఇంత చక్కగా రచింపగలవా యని తమ్ముడు రోమునుండి ఆశ్చర్యముతో వ్రాసెను. ఆ పాటగాని, ఆమె రచన మరియొకటిగాని నేడు లభించుటలేదు. 1784లో ఆమెకు వివాహమయ్యెను, 1829లో మరణించెను.

తల్లి కథ మరింత జాలిగొలుపునది. ఉద్యోగము వెదకుచున్న కుమారునకు తోడుగా ఆమె మరల పారిసుకు పోయి, రోగగ్రస్తయై 1778 జులై 3న అచ్చటనే కన్నుమూసెను. భర్తయు కుమార్తెయు అప్పుడు సాల్జుబర్గులో నుండిరి. ఆమె సమాధియు ఆ పరదేశపు నగరముననే జరిగెను.

అయ్యలారా, రాణి ప్రక్కన నిలిచిన బాలుని లోకమెల్ల ఎరుగును. బల్లకు ఆవలివైపున నిలిచిన బాలిక అదే గురువునొద్ద అదే పాఠము నేర్చినది, అదే పల్లకీలో తిరిగినది, అదే జ్వరమునకు లోనైనది. మీ గ్రామములందు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఒక బడిలో చదువుచునే యుందురు. ఒకరిని పైచదువునకు పంపి వేరొకరిని ఇంట నిలుపు సమయము వచ్చినపుడు, ఆవలివైపున నిలిచిన బిడ్డను పిలిచి, నేర్చినదేమో ఒక్కసారి వినుడు. పిమ్మట నిర్ణయింపుడు.