అబ్బా అంబాసిడర్, సిద్దీ మసూద్ మసీదు

పోయిన నెల హైదరాబాద్ నుంచి ఒక దోస్త్ ఫోన్ చేశాడు. పాత కార్లు పోగేసేవాళ్ళ క్లబ్బులో ఈమధ్యే చేరాడట. వాళ్ళంతా కార్లేసుకుని హంపీ దాకా సఫర్ చేయాలనుకుంటున్నారు. "హైవే మీద ఏముంది భాయ్, తారీఖ్ ఉన్న చిన్న ఊళ్ళ మీదుగా పోదామంటున్నారు. మీ ఎమ్మిగనూరు, ఆదోని దారి రాసివ్వు. ఎక్కడ ఆగాలో, ఏం చూడాలో చెప్పు" అన్నాడు. చివర్లో, "మీ నవాబుల కార్లు ఏమైనా మిగిలున్నాయా?" అని అడిగాడు.

తప్పు వాడిది కాదు. పాత కారంటే మనకు నవాబే గుర్తొస్తాడు. చౌమహల్లా ప్యాలెస్‌కు పోయినవాళ్ళు అక్కడి పసుపు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకుందామనుకున్న బండి. అది చేతికి రాకముందే, 1911లో ఆయన ఇంతకాల్ అయిపోయింది.

ఆదోనికీ నవాబులుండేవాళ్ళు. మోటారు పుట్టేసరికి వాళ్ళే లేరు. నిజాముల్ ముల్క్ కొడుకు బసాలత్ జంగ్ ఈ జాగీరు ఏలి 1782లో కన్నుమూశాడు. నాలుగేళ్ళకు టిప్పు సుల్తాన్ ముట్టడించి కోట పట్టుకున్నాడు, గోడలు పడగొట్టించాడు. ఊరు మళ్ళీ నిజాం చేతికొచ్చి, 1800లో కంపెనీ చేతికి పోయింది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కూడా 1839లో కంపెనీవాళ్ళు గద్దె దింపేశారు. కార్ల్ బెంజ్ తన మోటారుకు పేటెంట్ తీసుకున్నది 1886లో. లెక్క మీరే వేసుకోండి.

మరి ఇక్కడ మోటారు ఎవరిది? పత్తిది. 1871లో మద్రాసు లైను, బొంబాయి లైను రాయచూరు దగ్గర కలిశాక ఆదోని పత్తికి దారి దొరికింది. జిన్నింగు మిల్లులు వచ్చాయి, సేఠ్‌లు వచ్చారు, వాళ్ళ వెనకే కార్లు వచ్చాయి. స్టీరింగ్ పట్టింది, బానెట్ కింద చేతులు పెట్టింది మనవాళ్ళు. షేక్‌లు, సయ్యద్‌లు, దూదేకులవాళ్ళు. మా అబ్బా మర్హూమ్ బస్సు క్లీనర్‌గా మొదలుపెట్టాడు. ఆయన ఉస్తాద్ రెండో ప్రపంచ యుద్ధం నాడు బొగ్గు బస్సు నడిపినవాడు. పెట్రోలుకు రేషన్ పెట్టారు కదా, బస్సు వెనక పొయ్యిలాంటి డ్రమ్ము బిగించి, బొగ్గు రాజేసి, ఆ గ్యాసుతో ఇంజన్ తిప్పేవాళ్ళు. గడ్డ ఎక్కేచోట ముసాఫిర్లు దిగి తోసేవాళ్ళట. ఈ కిస్సా అబ్బా ఎన్నిసార్లు చెప్పాడో, ప్రతిసారీ తోసినవాళ్ళ సంఖ్య పెరిగేది.

తర్వాత అబ్బా ఒక సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ కొన్నాడు. 1969 మోడల్, మార్క్ టూ. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు 30 కిలోమీటర్లు ఉంటుంది, అక్కడికి రైలు లేదు. నీలకంఠేశ్వరుడి జాతరకూ, మంత్రాలయానికీ ఆ బండిలో ఎంతమందిని మోశాడో! మంత్రాలయం ఉన్న మంచాల గ్రామాన్ని రాఘవేంద్ర స్వామికి ఇచ్చింది ఆదోని నవాబు సిద్దీ మసూద్ ఖానేనని భక్తులే చెప్తారు. అబ్బా దారిపొడవునా ఆ మాట వాళ్ళకు గుర్తుచేసేవాడు, కిరాయి తగ్గించకుండానే.

ఆ బండి ఇంకా మా ఇంటి ముందే ఉంది. దారి చూసి రాద్దామని దాన్నే తీశాను. ముందు జామియా మసీదు దగ్గర ఆపాను. సిద్దీ మసూద్ హబ్షీ. కర్నూలు ఏలిన సిద్దీ జౌహర్‌కు అల్లుడు. పిల్లవాడైన సికందర్ ఆదిల్ షా కాలంలో బీజాపూర్ దర్బార్‌నే నడిపాడు. అక్కడి కొట్లాటలు పడలేక ఆదోనికి వచ్చేశాడు. 1688లో ఔరంగజేబ్ సేనాని ఫిరోజ్ జంగ్ కోటను చుట్టుముట్టాడు. ఫిరంగులు మసీదు వైపు తిప్పేసరికి, తను ప్రాణంగా కట్టుకున్న మసీదు కూలకూడదని సిద్దీ మసూద్ కోట తాళాలు ఇచ్చేశాడంటారు. మొఘలులు ఊరికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టారు. ఆ పేరు నిలవలేదు, మసీదు నిలిచింది. ఆ ఫిరోజ్ జంగ్ మనవడే తర్వాత ఇక్కడ ఏలిన బసాలత్ జంగ్.

అక్కడి నుంచి నల్లరేగడి పొలాల మధ్యగా ఎమ్మిగనూరుకు పోయాను. అక్కడ చూడాల్సింది మగ్గం. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు, 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ దుప్పట్లు మన అమ్మీల పెట్టెల్లో ఇంకా ఉంటాయి. క్లబ్బువాళ్ళు ఇక్కడ ఆగకుండా పోతే మాత్రం నేను రాసిచ్చిందంతా దండగే.

సాయంత్రం దోస్త్‌కు మళ్ళీ ఫోన్ చేశాను. "నేనూ బండి తెస్తా, ఆదోని నుంచి హంపీ దాకా మీ వెంట నడుపుతా" అన్నాను. వాడు క్లబ్బులో అడిగి చెప్పాడు. "ఇంజన్ అసలుదేనా?"

కాదు. ఎనభైల్లో పెట్రోలు ఖర్చు భరించలేక అబ్బా డీజిల్‌కు మార్పించాడు, మెటాడోర్ ఇంజన్ వేయించాడు. అప్పట్లో చాలా టాక్సీలు బతికింది అట్లాగే. 2021లో సర్కారు వింటేజ్ బండ్లకు రూల్స్ తెచ్చింది. 50 ఏళ్ళు దాటాలి, ఛాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉండాలి. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, నంబరులో "వీఏ" అక్షరాలు. మా బండికి వయసుంది, ఇంజనే లేదు. సేఠ్ షెడ్డులో కదలకుండా పడున్న కారు విరాసత్ అవుతుంది. రోజూ కిరాయికి తిరిగి ఒక ఖాందాన్‌ను పోషించిన కారు, బతకడం కోసం గుండె మార్చుకుంది కాబట్టి కాదు. నాకు కోపమే వచ్చింది, దాచుకోను. జామియా మసీదుకు ఎన్నిసార్లు సున్నం వేయలేదు, ఎన్ని మరమ్మతులు చేయలేదు? దాన్ని సిద్దీ మసూద్ మసీదు కాదని ఎవరైనా అంటారా?

ఆ ఇంజన్ మార్చిన మిస్త్రీ చాచా ఇంకా ఉన్నారు. ఎనభై దాటాయి. కొట్టు కొడుకు చూసుకుంటాడు, చాచా కుర్చీ వేసుకుని బయట కూర్చుంటారు. మగ్రిబ్ తర్వాత పోయి సంగతంతా చెప్పాను. రూల్స్ గురించి ఆయనేమీ అనలేదు.

"ఎన్ని బండ్లు వస్తున్నాయి బేటా?"

"ఇరవై దాకా రావచ్చు చాచా."

"అన్నీ పాతవేనా?"

"అన్నీ పాతవే. మార్చనివి."

"అయితే కనీసం మూడు మన ఊరి దగ్గరే ఆగిపోతాయి" అన్నారు చాచా. లోపలికి తిరిగి కొడుకును పిలిచారు. "ఏ రోజో రాసి పెట్టుకోరా. ఆ రోజు కొట్టు మూయొద్దు."

దారి రాసి పంపాను. ఆగాల్సిన చోట్లలో మసీదు, కోట, మగ్గాల తర్వాత ఆ కొట్టు పేరు కూడా రాశాను.