క్లోమ కాన్సర్ నిర్ధారణ

క్లోమ కాన్సర్ నిర్ధారణ అనగా క్లోమ గ్రంథిలోని కంతి కాన్సరో కాదో, ఎంతవరకు వ్యాపించినదో తేల్చు వైద్య ప్రక్రియ. క్లోమము జీర్ణాశయము వెనుక లోతుగా ఉండుటవలన తొలిదశలో లక్షణాలు స్పష్టముగా కనిపించవు. అందువలన చాలామందిలో వ్యాధి ముదిరిన తరువాతనే బయటపడుతుంది.

లక్షణాలు

నొప్పిలేని కామెర్లు, అకారణముగా బరువు తగ్గుట, పెద్ద వయసులో కొత్తగా వచ్చిన మధుమేహము అనుమానమునకు తావిచ్చును.

పరీక్షలు

* సి.టి. స్కాన్: కాంట్రాస్టు మందును సిరలోనికి ఎక్కించి తీస్తారు. కంతి సమీప రక్తనాళాలను చుట్టుకొన్నదా, కాలేయమునకు పాకినదా అన్నది దీనివలన తెలియును. శస్త్రచికిత్స సాధ్యమా అన్నది ముఖ్యముగా దీనిపైనే ఆధారపడును.
* ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్: నోటి ద్వారా గొట్టమును పంపి, సన్నని సూదితో కణజాలమును సేకరించి సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు.
* సి.ఏ. 19-9 రక్తపరీక్ష: సాధారణముగా మిల్లీలీటరుకు 37 యూనిట్ల లోపు ఉండును. పిత్తనాళము మూసుకొన్నప్పుడు కాన్సర్ లేకున్నా పెరుగును. లూయిస్ ప్రతిజనకము లేనివారిలో కాన్సర్ ఉన్నా పెరగదు. కావున దీనితో మాత్రమే వ్యాధిని నిర్ధారించరాదు.