కాగితం కోసం పుట్టిన చల్లగాలి

మా బంటుమిల్లికి చెమ్మ కొత్తది కాదు. దగ్గరలో సముద్రం, చుట్టూ వరిచేలు, కాలువలు. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేను గుమాస్తాగా చేరి కొద్ది ఏళ్లే. తడిసిన దస్త్రాల కట్టలు విప్పి వారాల తరబడి ఆరబెట్టాం. ఆరనివి నల్లగా బూజుపట్టి, ముట్టుకుంటే చిరిగేవి. రైతు హక్కు ఆ కాగితంలోనే ఉంటుంది గదా!

ఏ.సి. పుట్టిందీ కాగితం కోసమే. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్ఖానాలో తేమకు కాగితం సాగి రంగులు చెదిరేవి. విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు చల్లని గొట్టాల మీదుగా గాలిని పంపి, అందులోని తేమను నీరుగా రాల్చే ఏర్పాటు చేశాడు. మనుషులకు చల్లదనం తర్వాతి మాట.

అటువంటి యంత్రం కింది అలమరలోనే నిరుడు నా పెన్షను కాగితాలు బూజుపట్టాయి! మనవరాలికి దగ్గు పట్టుకుంది. తప్పు మాదే. తలుపు ఓరగా వదిలి 18 డిగ్రీలలో పెట్టేవాళ్లం. బయటి తేమగాలి తగిలి ఏ.సి. రెక్కలు ఐసునీళ్ల చెంబులా చెమర్చేవి. నీరుపోయే గొట్టం పూడి గోడ తడిసింది.

ఇప్పుడు తలుపు మూసి 26లో ఉంచుతున్నాం. రెండు వారాలకోసారి జల్లెడ కడిగి ఆరబెడుతున్నాం. గొట్టం వాలు సరిచేయించాం. బూజును పొడిగా దులపరాదు. కరెంటు ఆపి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, సబ్బునీటి గుడ్డతో తుడవాలి. పాప దగ్గు తగ్గింది.

మీ పి.పి.ఓ. ఏ గోడ పక్కన ఉందో ఈరోజే చూసుకోండి.