రాయవేలూరులో స్కడర్ వంశం

అమెరికాలో తొలినాటి వలస కుటుంబాల చరిత్రలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. బండి కట్టుకొని పడమరకు పోవడం, అడవి కొట్టడం, కొయ్య ఇల్లు కట్టడం, సగంమంది బిడ్డలను మట్టికి అప్పగించి మిగిలినవారితో ఊరు నిలబెట్టడం. 19వ శతాబ్ది మొదట్లో జనమంతా అలా ఒహాయో వైపు తరలిపోతుంటే, న్యూయార్కులో మంచి రాబడి ఉన్న ఒక యువ డాక్టరు మాత్రం ఆలుబిడ్డలతో తూర్పుకు పోయే ఓడ ఎక్కారు. ఆయన పేరు జాన్ స్కడర్. ఆ వంశం చివరకు వేళ్ళూనుకున్నది మన ఉత్తరార్కాడు జిల్లాలో. రాయవేలూరు ఆసుపత్రి పేరు తెలియని తెలుగువాడు ఉండడు గానీ, దాని వెనుక ఉన్న ఈ కుటుంబకథ తెలిసినవారు తక్కువ.

జాన్ స్కడర్ 1793లో న్యూజెర్సీలోని ఫ్రీహోల్డ్‌లో పుట్టారు. ప్రిన్స్‌టన్‌లో చదివి, 1813లో న్యూయార్కులో వైద్యపట్టా పుచ్చుకున్నారు. ఒక రోగి ఇంట్లో కాచుకొని ఉండగా చేతికందిన మతప్రచార కరపత్రం ఆయన మనసు మార్చిందని చెబుతారు. 1819 జూన్‌లో 'ఇండస్' అనే ఓడలో బయలుదేరి అక్టోబరుకు కలకత్తా చేరారు. అమెరికా నుంచి విదేశాలకు వెళ్ళిన మొదటి వైద్య మిషనరీ ఆయనే. కలకత్తాలో దిగిన కొద్దిరోజులకే చంటిబిడ్డ మరియా చనిపోయింది. అయినా భార్యాభర్తలు వెనక్కి తిరగలేదు. సింహళంలో యాళ్పాణం ప్రాంతానికి పోయి పదహారేళ్ళున్నారు. 1836లో మద్రాసు వచ్చారు.

చరిత్ర రాసేవారు ఆయన భార్య హారియట్ వాటర్‌బరీకి ఒక వాక్యం ఇచ్చి ముందుకు పోతారు. నా మట్టుకు నాకు ఈ కథలో పెద్దభారం మోసింది ఆవిడే అనిపిస్తుంది. ఓడ నుంచి దిగగానే కూతురిని పోగొట్టుకుంది. తరువాత కన్న కొడుకులను పదేళ్ళ వయసు వచ్చేసరికి చదువుకోసం అమెరికా పంపించేది. ఉత్తరం పోయి జవాబు రావడానికి నెలలకు నెలలు పట్టే కాలం అది. పంపిన బిడ్డను మళ్ళీ చూస్తామన్న నమ్మకం లేదు. ఆవిడ 1849లో మద్రాసులోనే కన్నుమూసింది. ఆరేళ్ళ తరువాత, 1855లో, ఆరోగ్యం కోసం వెళ్ళిన డాక్టరుగారు దక్షిణాఫ్రికాలో పోయారు.

విచిత్రమేమంటే, అలా పంపించిన కొడుకులే మళ్ళీ తిరిగొచ్చారు. ఒకరు కాదు, ఏడుగురు! పెద్దవాడు హెన్రీ మార్టిన్ సింహళంలో పుట్టినవాడు. తమ్ముళ్ళు విలియం, జోసెఫ్‌లతో కలిసి 1853లో ఆర్కాడు మిషన్ స్థాపించాడు. అన్నదమ్ములు ఉమ్మడిగా వ్యాపారం పెట్టడం మన వీధుల్లో చూస్తాం. అన్నదమ్ములు ఉమ్మడిగా మిషన్ పెట్టడం నేను మరెక్కడా వినలేదు. 1866లో సైలస్ అనే తమ్ముడు రాణిపేటలో ఆసుపత్రి తెరిచాడు. మతప్రచారమే వారి అసలు ఉద్దేశమన్నది దాచవలసిన సంగతి కాదు. వారూ దాచలేదు.

మనం గమనించవలసింది భాష సంగతి. ఆ రోజుల్లో ఉత్తరార్కాడు జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. జిల్లా దక్షిణాన తమిళం, ఉత్తరాన తెలుగు, మధ్యలో రెండూ. అందువల్ల ఆ మిషన్ రెండు భాషల్లోనూ పనిచేయక తప్పలేదు. హెన్రీ మార్టిన్ తమిళంతోపాటు తెలుగులోనూ, సంస్కృతంలోనూ పుస్తకాలు వెలువరించాడు. తెలుగుసీమ పని చేపట్టిన జేకబ్ ఛాంబర్లిన్ 1863లో మదనపల్లెలో స్థిరపడి, తెలుగు బైబిలు సవరణ సంఘానికి చాలాకాలం అధ్యక్షత వహించి, 1908లో అక్కడే పోయారు. ఆయన చిన్నతనం గడిచింది నిజంగానే ఒహాయోలో. తిరుత్తణి తెలుగు కుర్రవాడు సర్వేపల్లి రాధాకృష్ణన్ 1900 నుంచి 1904 వరకు చదువుకున్న వేలూరు వూర్‌హీస్ కళాశాల కూడా ఈ మిషన్‌దే.

మూడో తరంలో పుట్టింది ఐడా. ఏడుగురు అన్నదమ్ముల్లో చిన్నవాడైన జాన్ కూతురు. 1870 డిసెంబరులో రాణిపేటలో పుట్టింది. 1876-78 కరువు పసితనంలో కళ్ళారా చూసింది. పెద్దయ్యాక ఈ దేశం తనకు వద్దని అమెరికాలోనే ఉండిపోవాలనుకుంది. తల్లి జబ్బుపడితే చూడడానికి తిండివనం వచ్చినప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వచ్చి, తమ భార్యలు ప్రసవం కాక అవస్థ పడుతున్నారు, రమ్మని వేడుకున్నారు. తండ్రి డాక్టరే, కానీ మగ డాక్టరును వారు ఒప్పుకోరు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఐడా అమెరికా తిరిగి వెళ్ళి, 1899లో కార్నెల్‌లో వైద్యపట్టా పొంది, 1900లో వేలూరులో ఒకే పడకతో వైద్యం మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక బ్యాంకు మాట చెప్పకుండా ఉండలేను. ఆమెకు ఆసుపత్రి కట్టడానికి 10,000 డాలర్లు ఇచ్చినవాడు షెల్ అనే న్యూయార్కు బ్యాంకరు. చనిపోయిన భార్య జ్ఞాపకార్థం ఇచ్చాడు. జామీను లేదు, వడ్డీ లేదు, అనుభవం లేని ముప్పైయేళ్ళలోపు ఆడపిల్ల. మా వృత్తిలో ఇటువంటి దరఖాస్తు బల్ల దాటి ముందుకు పోదు. ఆ డబ్బుతో 1902లో 40 పడకల ఆసుపత్రి లేచింది. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల వచ్చింది. 1947 నుంచి మగపిల్లలనూ చేర్చుకున్నారు.

గుడియాత్తం వారికి ఆమెతో బంధుత్వం వేరు. వేలూరు నుంచి వారం వారం ఆమె పాలారు దాటి గుడియాత్తం వచ్చి మందులిచ్చేది. 1909లో పెజో కారు వచ్చాక, దారిపొడుగునా చెట్ల కింద జనం కాచుకొని ఉండడం మొదలైంది. కారు ఆగిన చోటల్లా వైద్యమే. గుడియాత్తంలో ఉద్యోగం చేసిన రోజుల్లో నా దగ్గర ఖాతాలున్న ముసలి నేతగాళ్ళు, తమ అమ్మమ్మలు ఆ కారును చూసిన సంగతి తెలుగులో చెబుతుండేవారు.

ఈ వంశంలో నాలుగు తరాలకు చెందిన నలభైమందికి పైగా కలిసి వెయ్యేళ్ళకు మించి పనిచేశారని లెక్క చెబుతారు. ఆ కూడిక నాకు కొంచెం వింతగానే ఉంటుంది. ఏమైనా, ఇన్ని తరాలున్నా స్కడర్లు ఇక్కడివారు కాలేదు. తమిళం గడగడ మాట్లాడారు, ఇంటి భాష మాత్రం ఇంగ్లీషే. బిడ్డల చదువు అమెరికాలో. విజయనగర కాలంలో, చిన్న బొమ్మనాయకుడు వేలూరు ఏలిన నాటికే ఇక్కడికి చేరిన మనవాళ్ళకు వెనక్కి పంపేందుకు అమెరికా లేదు. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయింది. 1953లో అది ఆంధ్రకు పోయింది. మనం గీతకు ఇవతల మిగిలాం. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్వడం మనకు కొత్తా కాదు, కష్టమూ కాదు. స్కడర్లు పరాయి నేలమీద పోగొట్టుకోనిది ఇంటి భాష. మన ఇళ్ళల్లో అమ్మమ్మ మాట్లాడే తెలుగును మనవడు తమిళ అక్షరాల్లో రాసుకుంటున్నాడు.

ఐడా స్కడర్ పెళ్ళి చేసుకోలేదు. ఆమె పేరే పెట్టుకున్న మేనకోడలు ఐడా బెల్ అదే ఆసుపత్రిలో రేడియాలజీ డాక్టరుగా పనిచేసింది. పెద్ద ఐడా 1960 మే నెలలో కొడైకెనాల్‌లోని తన ఇంట్లో కన్నుమూస్తే, భౌతికకాయాన్ని కొండ దింపి వేలూరు తీసుకొచ్చారు. ఆమె సమాధి అక్కడే ఉంది.